టైరులో గాలి నుంచి తుఫాను హెచ్చరిక దాకా ఆయన పేరే.. 39 ఏళ్లకే కన్నుమూసిన పాస్కల్ కథ ఇదీ!

పెట్రోల్ బంకులో టైరుకు గాలి కొట్టించుకుంటే 32 అంటారు. డాక్టర్ బీపీ చూసి 120/80 అని రాస్తారు. తుఫాను వస్తే వాతావరణ శాఖ బులెటిన్‌లో 950 హెక్టోపాస్కల్ అని కనిపిస్తుంది. అంకెలు వేరు, యూనిట్లు వేరు. కానీ మూడు చోట్లా కొలిచేది ఒక్కటే.. పీడనం! పీఎస్‌ఐ, బార్, ఎంఎం హెచ్‌జీ, టార్, అట్మాస్ఫియర్ అంటూ ఇన్ని యూనిట్లు ఉన్నా సైన్స్ ప్రపంచం అన్నింటికీ ఉమ్మడి లెక్కగా ఒక్క పేరునే ఎంచుకుంది. అదే పాస్కల్.

ఈ పేరు వెనక ఒక మనిషి ఉన్నారు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, బతికినన్నాళ్లూ జబ్బుతో పోరాడి, 39 ఏళ్లకే వెళ్లిపోయారు. గాలికి బరువుందని కొండ సాక్షిగా నిరూపించిన ఆ ఫ్రెంచ్ మేధావి జీవితంలో సినిమాకు సరిపడా మలుపులున్నాయి.

పుస్తకాలు దాచేసిన తండ్రి

బ్లెయిజ్ పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పుట్టాడు. తండ్రి ఎతియెన్ పన్నుల కోర్టులో అధికారి. బ్లెయిజ్‌కు మూడేళ్లప్పుడు తల్లి చనిపోయింది. అక్క జిల్బెర్త్, చెల్లెలు జాక్లిన్, మధ్యలో ఈ పిల్లాడు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1631లో ముగ్గురు పిల్లల్నీ తీసుకుని పారిస్ వచ్చేశాడు. బడికి పంపకుండా తనే చదువు చెప్పాడు.

అక్కడే ఒక విచిత్రం. ఎతియెన్‌కు లెక్కలంటే ప్రాణం. అయినా కొడుక్కి మాత్రం 15 ఏళ్లు వచ్చేదాకా లెక్కలు చెప్పకూడదనుకున్నాడు. ఒకసారి ఆ రుచి తగిలితే లాటిన్, గ్రీకు భాషలు పక్కన పడేస్తాడని భయం. ఇంట్లో గణితం పుస్తకాలన్నీ దాచేశాడు. వద్దన్న పనే చేయడం పిల్లల నైజం కదా! 12 ఏళ్ల బ్లెయిజ్ నేల మీద బొగ్గుతో గీతలు గీసుకుంటూ, ఎవరూ చెప్పకుండానే త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలతో సమానమని పట్టేశాడట. ఈ సంగతి అక్క జిల్బెర్త్ తర్వాత రాసిన జీవిత చరిత్రలో ఉంది. అది చూసిన తండ్రి మనసు మార్చుకుని, యూక్లిడ్ పుస్తకం చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఆగలేదు. పారిస్‌లో మెర్సెన్ అనే మతగురువు దగ్గర జరిగే పండితుల సమావేశాలకు తండ్రితో కలిసి వెళ్లేవాడు. 16 ఏళ్లకే శాంకవాల మీద కొత్త సిద్ధాంతం రాశాడు. అది 1640లో అచ్చయింది.

నాన్న కష్టం చూడలేక.. లెక్కల యంత్రం

1638లో ప్రభుత్వ నిర్ణయాన్ని వ్యతిరేకించినందుకు ఎతియెన్ పారిస్ విడిచి దాక్కోవాల్సి వచ్చింది. అప్పుడు కుటుంబాన్ని కాపాడింది చిన్న కూతురు జాక్లిన్. దేశాన్ని శాసిస్తున్న రిషెల్యూ ఎదుట ఒక నాటకంలో నటించి, ఆయన మెప్పు పొంది, తండ్రికి క్షమాభిక్ష అడిగి తెచ్చుకుంది. క్షమాభిక్షతో పాటు ఎతియెన్‌కు రువాన్ నగరంలో పన్నుల లెక్కలు చూసే ఉద్యోగం కూడా వచ్చింది.

ఉద్యోగమైతే దొరికింది కానీ పని చంపేసేది. అప్పటి ఫ్రెంచ్ డబ్బు లెక్కే వేరు. ఒక లివ్ర్‌కు 20 సోల్‌లు, ఒక సోల్‌కు 12 దెనియేలు. మన పెద్దవాళ్లు రూపాయికి 16 అణాలు అంటూ లెక్క కట్టినట్టే. కూడిక వేసిన ప్రతిసారీ 12తో, 20తో మార్పిడి చేసుకోవాలి. ఎక్కడ తప్పు దొర్లినా మొదటి నుంచి వేసుకోవాల్సిందే. ఎతియెన్ అర్ధరాత్రి దాకా ఆ కాగితాల ముందే కూర్చునేవాడు.

ఆ బాధ చూసిన కొడుకు 1642లో, అంటే ఇరవై కూడా నిండకముందే, పళ్ల చక్రాలతో ఒక యంత్రం మొదలుపెట్టాడు. ఒక చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగితే పక్క చక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది. డబ్బు లెక్కల యంత్రంలో ఒక చక్రానికి 12 భాగాలు, ఇంకోదానికి 20 భాగాలు. అంటే యూనిట్ల మార్పిడి మొత్తం యంత్రమే చూసుకుంటుంది! దాదాపు 50 నమూనాలు చేసి చూశాక 1645లో దాన్ని లోకానికి చూపించారు. దానికే పాస్కలీన్ అని పేరు. ఖరీదు ఎక్కువ కావడంతో పెద్దగా అమ్ముడు పోలేదు. నేడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి పదిలోపే.

శూన్యం ఉందా? లేదా?

1646లో పాస్కల్ జీవితం ఇంకో మలుపు తిరిగింది. తండ్రి స్నేహితుడైన పియెర్ పెతీ రువాన్ వచ్చినప్పుడు ఇటలీలో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పారు.

గెలీలియో దగ్గర పనిచేసిన టోరిసెల్లి ఆలోచన అది. ఒక వైపు మూసిన గాజు గొట్టం నిండా పాదరసం పోసి, పాదరసం ఉన్న గిన్నెలో తలకిందులుగా నిలబెడితే మొత్తం కిందకి జారిపోదు. సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర ఆగిపోతుంది. పైన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఏముంది? పాదరసాన్ని పట్టుకున్నది ఎవరు?

అప్పటి పండితుల్లో చాలామంది ప్రకృతికి శూన్యం అంటే పడదని, అందుకే పాదరసాన్ని పైకి పట్టి ఉంచుతుందని నమ్మేవాళ్లు. టోరిసెల్లి మాత్రం బయట ఉన్న గాలి బరువే గిన్నెలోని పాదరసాన్ని నొక్కి, గొట్టంలోకి ఎగదోస్తోందని భావించారు. ఏది నిజం?

పాస్కల్ ముందు పెతీతో కలిసి అదే ప్రయోగం చేశారు. తర్వాత భారీ స్థాయికి వెళ్లారు. రువాన్‌లో పొడవాటి గాజు గొట్టాలు చేయించి, ఓడ స్తంభానికి కట్టి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో రెడ్ వైన్ పోసి జనం ముందే నిలబెట్టారు. వైన్‌లో ఆవిర్లు ఎక్కువ కాబట్టి అదే బాగా కిందికి దిగుతుందని కొందరు అంచనా వేశారు. జరిగింది రివర్స్! నీళ్ల కన్నా తేలికైన వైన్ నీళ్ల కన్నా ఎత్తుగా నిలిచింది. తేలికైనదైతే ఎక్కువ ఎత్తు, బరువైనదైతే తక్కువ ఎత్తు. అంటే ఇది తూకం లాంటి వ్యవహారం అన్నమాట. అవతలి తక్కెడలో ఉన్నది గాలి.

1647లో ఈ ప్రయోగాలను చిన్న పుస్తకంగా అచ్చు వేశారు. మతగురువుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. అదే ఏడాది ప్రఖ్యాత తత్వవేత్త డెకార్ట్ పారిస్‌లో జబ్బుతో ఉన్న పాస్కల్‌ను చూడటానికి వచ్చారు. కానీ శూన్యం సంగతిలో ఇద్దరికీ కుదరలేదు.

కొండెక్కిన బావ.. తేలిపోయిన నిజం

గాలి బరువే కారణమైతే, కొండ మీదకి వెళ్లినప్పుడు నెత్తి మీద గాలి తగ్గుతుంది. అప్పుడు పాదరసం కూడా దిగాలి. దిగకపోతే టోరిసెల్లి మాట తప్పు. చూడటానికి చాలా సింపుల్ పరీక్ష. కానీ పాస్కల్ ఉన్నది పారిస్‌లో. అక్కడ కొండల్లేవు. పైగా ఆయన ఆరోగ్యం కొండెక్కే స్థితిలో లేదు.

గుర్తొచ్చింది బావ ఫ్లోరిన్ పెరియే. జిల్బెర్త్ భర్త, క్లెర్మాంట్‌లోనే ఉంటారు. ఊరి పక్కనే 1,465 మీటర్ల ఎత్తున్న పుయ్ ద దోమ్ కొండ ఉంది. 1647 నవంబర్‌లో పాస్కల్ ఆయనకు లేఖ రాశారు. ఉద్యోగం పనులు, వాతావరణం కలిసి రాక పది నెలలు గడిచిపోయాయి. చివరికి 1648 సెప్టెంబర్ 19న ముహూర్తం కుదిరింది. ఈ కొండ ఆలోచన తానే ఇచ్చానని డెకార్ట్ తర్వాత చెప్పుకున్నారు. అది వేరే గొడవ.

ఆ రోజు ఉదయం పెరియే ఊళ్లోని పెద్దల్ని, మతగురువుల్ని సాక్షులుగా వెంటబెట్టుకున్నారు. కొండ కింద ఒక మఠం తోటలో రెండు గొట్టాలు పెట్టి కొలిచారు. రెండింట్లోనూ ఒకే ఎత్తు.. 26 అంగుళాల మూడున్నర లైన్లు. ఫ్రెంచ్ అంగుళం మన అంగుళం కన్నా కాస్త పెద్దది, దానికి 12 లైన్లు. ఒక గొట్టాన్ని అక్కడే వదిలి, రోజంతా కనిపెట్టుకుని ఉండమని ఒక మతగురువుకు అప్పగించారు. రెండోది తీసుకుని కొండెక్కారు.

శిఖరం మీద కొలిస్తే 23 అంగుళాల 2 లైన్లు! మూడంగుళాలకు పైగా దిగిపోయింది. చూసిన వాళ్లకు నోట మాట రాలేదు. నమ్మకం కుదరక ఆరుబయట ఒకసారి, చాటున ఒకసారి, పొగమంచులో ఒకసారి.. ఇలా ఐదుసార్లు కొలిచారు. ఫలితం మారలేదు. దిగేటప్పుడు మధ్య దారిలో చూస్తే 25 అంగుళాలు. కింద మఠంలో ఉన్న గొట్టం మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా అదే ఎత్తు. అంటే మార్పు రోజు వల్లనో, వేళ వల్లనో కాదు. కేవలం ఎత్తు వల్ల.

ఈ కబురు అందగానే పాస్కల్ పారిస్‌లోని సెయింట్ జాక్ చర్చి గోపురం మీద తనే చేసి చూసుకున్నారు. ఎత్తు తక్కువైనా తేడా తెలిసింది. చర్చ ముగిసింది.

ఆ అంకెల్ని ఇవాళ్టి లెక్కలోకి మారిస్తే..

ఆ రోజు పెరియే రాసుకున్న అంగుళాల్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే కింద సుమారు 712, పైన సుమారు 627. పాదరసం ఒక్క మిల్లీమీటరు ఎత్తు కలిగించే పీడనం 133.3 పాస్కల్. గుణిస్తే కింద దాదాపు 949 హెక్టోపాస్కల్, పైన దాదాపు 836. తేడా 113. హెక్టో అంటే వంద, అంతే.

ఇక్కడే తెలుగువాళ్లకు బాగా గుర్తుండే అంకె ఒకటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్. అంటే క్లెర్మాంట్ మఠం తోటలో మామూలు రోజున ఉన్నంతే! మరి అక్కడ లేని విధ్వంసం ఇక్కడెందుకు? సముద్ర మట్టం దగ్గర సాధారణంగా 1013 ఉండాలి. చుట్టూ అంత ఉండి, మధ్యలో 950కి పడిపోతే ఆ తేడా వైపు గాలి దూసుకొస్తుంది. ప్రమాదం అంకెలో లేదు, పక్క చోటుతో తేడాలో ఉంది.

వాతావరణం మారితే పాదరసం ఎత్తు మారుతుందా అన్న ప్రశ్న కూడా పాస్కల్‌కు అప్పుడే వచ్చింది. ఆయన కోరిక మీద క్లెర్మాంట్, పారిస్, స్టాక్‌హోమ్‌లలో రోజూ కొలతలు రాసి పెట్టారు. నేటి వాతావరణ కేంద్రాలు చేసేది అదే పని.

ఇంకో లెక్క కూడా వేశారాయన. భూమి చుట్టూ ఉన్న గాలి మొత్తం బరువెంత? గాలి బరువు భూమంతా 31 అడుగుల నీళ్లు కప్పినంత అని తీసుకుని, అప్పటి పౌండ్లలో 8 తర్వాత 18 అంకెలున్న సంఖ్య తేల్చారు. టన్నుల్లోకి మారిస్తే సుమారు 40 కోట్ల కోట్లు. ఇవాళ్టి శాస్త్రం చెప్పేది సుమారు 51 కోట్ల కోట్లు. ఉపగ్రహాలు లేని రోజుల్లో ఒక గాజు గొట్టంతో ఇంత దగ్గరగా రావడం మామూలు విషయం కాదు.

ఒక్కరు నొక్కితే వందమంది బలం

పాస్కల్ అక్కడితో ఆగలేదు. మూసి ఉన్న పాత్రలో ద్రవం మీద ఒక చోట నొక్కితే, ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని చెప్పారు. ఒక మూత కన్నా ఇంకో మూత వంద రెట్లు పెద్దదైతే, చిన్న మూతను ఒక్కరు నొక్కినా పెద్ద మూత దగ్గర వందమంది బలం పుడుతుంది. దీన్నే స్కూల్ పుస్తకాల్లో పాస్కల్ నియమం అంటారు. 1795లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నది ఈ సూత్రం మీదే. మెకానిక్ షెడ్డులో జాకీ, జేసీబీ చెయ్యి, కారు బ్రేకు.. అన్నీ ఇదే కుటుంబం.

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. ఒక చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే అది ఒక పాస్కల్. చిన్న యాపిల్ బరువంత బలాన్ని చదరపు మీటరు నేల మీద పరిచినట్టు. చాలా చిన్నది. అందుకే కిలో, హెక్టో, మెగా అని ముందు తగిలించి వాడతారు.

జూదం లెక్క.. అగ్ని రాత్రి

1651లో తండ్రి పోయారు. మరుసటి ఏడాది ఎంతో ఇష్టమైన చెల్లెలు జాక్లిన్ అన్న వద్దన్నా వినకుండా పోర్ రొయాల్ మఠంలో సన్యాసినిగా చేరిపోయింది. పాస్కల్ ఒంటరి అయ్యారు.

1654లో ఫెర్మా అనే గణితవేత్తతో ఉత్తరాలు నడిచాయి. ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు ఎలా పంచాలి? ముందుగా మూడు ఆటలు గెలిచిన వాళ్లదే పందెం అనుకుని ఇద్దరూ చెరో 32 నాణేలు పెట్టారు. ఒకరు రెండు, ఇంకొకరు ఒకటి గెలిచాక ఆట ఆగిపోయింది. ముందున్న వ్యక్తికి 48, రెండో వ్యక్తికి 16 ఇవ్వాలన్నది పాస్కల్ లెక్క. జరిగిపోయిన ఆటలు కాదు, జరగాల్సిన ఆటల్లో ఎవరికెంత అవకాశం ఉందో చూడాలని తేల్చారు. సంభావ్యత శాస్త్రానికి పునాది ఇదే. ఇన్సూరెన్స్ ప్రీమియం లెక్క వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

అదే ఏడాది నవంబర్ 23 రాత్రి ఆయనకు గాఢమైన ఆధ్యాత్మిక అనుభవం కలిగింది. దాన్ని ఒక కాగితం మీద రాసుకుని, కోటు లోపలి గుడ్డలో కుట్టుకున్నారు. కోటు మారినప్పుడల్లా కాగితం కూడా మారేది. ఎనిమిదేళ్ల పాటు ఎవరికీ చెప్పలేదు. ఆయన చనిపోయాక పనివాడి చేతికి తగిలి బయటపడింది.

చివరి రోజుల్లో సిటీ బస్సు!

పాస్కల్ చివరి పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. సొంత బండి లేని వాళ్లు కూడా పారిస్‌లో తిరగాలని, నిర్ణీత దారుల్లో, నిర్ణీత వేళల్లో తిరిగే గుర్రపు బండ్ల సర్వీసుకు స్నేహితులతో కలిసి ప్లాన్ వేశారు. 1662 మార్చి 18న మొదటి బండి కదిలింది. టికెట్ ఐదు సోల్‌లు. మనిషి ఎవరైనా రేటు ఒక్కటే. అయితే పారిస్ న్యాయస్థానం పెట్టిన నిబంధనతో సైనికులు, పనివాళ్లకు ఎక్కే వీలు లేకుండా పోయింది. తన వాటా లాభం పేదలకు పంపాలన్నది ఆయన కోరిక.

అప్పటికే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. 1661లో జాక్లిన్ పోయింది. పాస్కల్ తన ఇంట్లో ఒక పేద కుటుంబానికి చోటిచ్చారు. వాళ్ల పిల్లాడికి మశూచి వచ్చింది. అక్క పిల్లలకు అంటుతుందని అందరూ భయపడ్డారు. జబ్బు పిల్లాడిని బయటికి పంపడం ఇష్టం లేక పాస్కల్ తనే ఇల్లు వదిలి అక్క ఇంటికి వెళ్లారు. తిరిగి రాలేదు. 1662 ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు.

గాలి బరువు మీద, ద్రవాల మీద ఆయన రాసినవి మరుసటి ఏడాది అచ్చయ్యాయి. అచ్చు వేయించింది కొండెక్కిన బావ పెరియేనే.

ఇప్పుడు ఈ లెక్కలు గుర్తుపెట్టుకోండి

1971లో అంతర్జాతీయ కొలతల సభ పీడనం యూనిట్‌కు పాస్కల్ పేరు ఖరారు చేసింది. ఏ యూనిట్ కనిపించినా ముందు పాస్కల్‌లోకి, అక్కడి నుంచి కావాల్సిన దాంట్లోకి మార్చుకుంటే తప్పు పోదు.

* ఒక బార్ అంటే 1,00,000 పాస్కల్. ఒక అట్మాస్ఫియర్ అంటే 1,01,325 పాస్కల్. దగ్గరివే కానీ ఒకటి కాదు.
* ఒక మిల్లీబార్, ఒక హెక్టోపాస్కల్ రెండూ ఒకటే.
* ఒక పీఎస్‌ఐ అంటే సుమారు 6,895 పాస్కల్. టైరులో 32 పీఎస్‌ఐ అంటే దాదాపు 2.2 బార్, లేదా 220 కిలోపాస్కల్.
* బీపీ అంకెను 7.5తో భాగిస్తే కిలోపాస్కల్ వస్తుంది. 120 అంటే 16, 80 అంటే 10.7.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. టైరు గేజీ చూపించేది బయటి గాలి కన్నా ఎంత ఎక్కువుందో మాత్రమే. పంక్చరైన టైరులో గేజీ సున్నా చూపినా లోపల శూన్యం ఉండదు, ఒక అట్మాస్ఫియర్ గాలి ఉంటుంది. కుక్కర్‌లోనూ అంతే. బయటి కన్నా ఒక బార్ ఎక్కువంటే అసలు పీడనం రెండు బార్లు. అందుకే అందులో నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, పప్పు త్వరగా ఉడుకుతుంది. ఇంజనీరింగ్ లెక్కల్లో ఈ రెండింటినీ కలిపేస్తే యూనిట్ సరిగ్గా మార్చినా జవాబు తప్పుతుంది.

తండ్రి రాత్రిళ్లు సోల్‌లు, దెనియేలు మార్చుకుంటూ పడ్డ కష్టం చూసి ఒక కొడుకు యంత్రం చేశాడు. మూడు శతాబ్దాల తర్వాత, మార్పిడి తిప్పలు తగ్గించడానికి ప్రపంచం ఎంచుకున్న యూనిట్‌కు ఆ కొడుకు పేరే వచ్చింది. ఈసారి టైరు మీద కేపీఏ అని కనిపిస్తే.. అందులో పీఏ అన్న రెండక్షరాలు ఆయనవే!